ఇంకో దారి ఉందా?

నల్లకోటు కొత్తగా వేసుకున్న రోజుల్లో, వకీలంటే వాదించేవాడని నాకు గట్టి నమ్మకం ఉండేది. మా సీనియరుగారి దగ్గర చేరాక తెలిసింది, జూనియరంటే లేచి నిలబడి వాయిదా అడిగేవాడని. ఆయన నందిగామ కోర్టులో ఉంటే నేను జగ్గయ్యపేటలో, ఆయన జగ్గయ్యపేటలో ఉంటే నేను నందిగామలో, "మా సీనియరుగారు ఆ కోర్టులో ఉన్నారండి, వాయిదా ఇప్పించండి" అనేవాణ్ణి. నిద్రలో కూడా అదే అంటున్నానని మా అమ్మ బెంగ పెట్టుకుంది. వాదించడం మాట అటుంచి, ఆ బస్సుల్లో నిలబడి నిలబడి నడుం పడిపోయేది.

అలాంటి రోజుల్లోనే జగ్గయ్యపేటలో దారి మామ్మ కేసొచ్చింది. (ఆ పేరు మా ఆఫీసులో పెట్టిందే.) ఆమె మిరపచేలోకి పోయే బండిదారికి పక్క పొలం ఆసామి అడ్డంగా కంచె వేశాడు. కేసు తేలేదాకా దారి వదలమని తాత్కాలిక ఉత్తర్వు కావాలి, అంతే. అదేమో వాయిదాల మీద వాయిదాలు పడుతోంది, చేలో కాయేమో పండి రాలిపోతోంది. పైగా మబ్బు పట్టింది. ఆ పూట వరండాలో నన్ను పట్టుకుని, "కోతకొచ్చిన కూలోళ్లు కంచె చూసి తిరిగెళ్లిపోతన్నారు బాబూ. వాన పడితే నా ఏడాది కష్టం బురదపాలే. ఇవాళన్నా జడ్జిగారికి చెప్పు" అంది. నాకు తలెత్తాలంటే సిగ్గేసింది. సీనియరుగారు నన్ను పంపింది మళ్లీ వాయిదా అడగమనే.

కేసు పిలవగానే నా పాఠం నేను అప్పజెప్పాను. అవతలి వైపు కంచికచర్ల నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచింది. ఆమె కూడా జూనియరే, నాకంటే కొత్త. ఆమెదీ అదే పాఠం. మా సీనియర్లిద్దరూ నందిగామలో ఒకే కేసులో ఎదురెదురుగా ఉన్నారట! జడ్జిగారు కళ్లజోడు తీసి మొహం తుడుచుకుని, "వాళ్లక్కడున్నారు సరే, మీరిక్కడున్నారుగా. కానివ్వండి" అన్నారు. నాకు సెక్షను ఒక్కటీ గుర్తు రాలేదు. మామ్మ చెప్పిందే, కాయ, కూలోళ్లు, మబ్బుతో సహా చెప్పి కూర్చున్నాను. (జడ్జిగారిని "బాబూ" అని కూడా అన్నానని గిట్టనివాళ్లు అంటారు.) ఆయన ఆ అమ్మాయి వైపు తిరిగి, "ఆ చేలోకి పోవడానికి ఇంకో దారి ఉందా అమ్మా?" అని అడిగారు. కాస్త నలిగిన వకీలెవరైనా కనుక్కుని చెబుతామని వాయిదా పుచ్చుకునేవారు. ఆ పిచ్చితల్లి ఒక్క క్షణం ఆలోచించి, "లేదండి" అంది.

సాయంత్రానికి కంచె తీయమని ఉత్తర్వు వచ్చింది. మామ్మ నా చేతులు పట్టుకుని ఏడ్చింది. వానకి ముందే కాయ ఇల్లు చేరింది. మా సీనియరుగారు మాత్రం, వాయిదా అడగరా అంటే గెలిచొస్తావా అని విసుక్కున్నారు. ఆ అమ్మాయితో వాళ్ల సీనియరుగారు చాలా రోజులు మాట్లాడలేదట.

ఇప్పుడు నేనూ సీనియర్నే, ఆవిడా సీనియరే. మొన్న మళ్లీ ఒక దారి కేసులో ఎదురుపడ్డాం. ఈసారి కంచె వేసినవాడు నా క్లయింటు. ఆవిడ క్లయింటు ఒక ముసలి రైతు, వెనక బెంచీ మీద చేతులు కట్టుకుని నన్నే చూస్తున్నాడు. జడ్జిగారు ఆనాటి ప్రశ్నే నన్నడిగారు. ఇంకో దారి లేదని నాకు తెలుసు. తెలిసీ, ఇన్నేళ్ల అలవాటు కదా, నోరు తెరిస్తే "కనుక్కుని చెబుతానండి, వాయిదా ఇప్పించండి" అనే వచ్చింది. ఇచ్చారు. ఆ రైతు తువ్వాలు దులుపుకుని బస్సుకి బయల్దేరాడు.

వరండాలో ఆవిడ నా పక్కన నడుస్తూ, "ఉందాండీ ఇంకో దారి?" అని మెల్లగా అడిగింది. నాకు నవ్వొచ్చింది, నీరసమూ వచ్చింది.

"లేదండి" అన్నాను. వరండాలో అనడం తేలికే.