యాసిడ్ షెడ్డు ఫోను

బషీర్ చాచా నాలాగే తొమ్మిదో తరగతిలో బడికి సలాం కొట్టాడు. అయినా పటాన్‌చెరులోని మా ఫ్యాక్టరీ ఫోన్లన్నీ ఆయనే చూస్తాడు. తీగ వాసన చూసి ఎవరు మాట్లాడుతున్నారో చెబుతాడని పుకారు పుట్టించింది నేనే. రోజూ పొద్దున ప్రతి ఫోనుకూ కొట్టి, మనిషి గొంతు వినందే చాయ్ ముట్టడు.

మేనేజర్ హరినాథ్ ఇంటర్నెట్ ఫోన్లు పెట్టించి, పాతవి తీసేయమన్నాడు.

మూడో రోజే కరెంటు పోయింది. కొత్త ఫోన్లు మూగబోయాయి, సెల్‌ఫోన్లేమో గేటు దగ్గరే పెట్టించుకుంటారు. యాసిడ్ షెడ్డులో ముస్తఫా ఒక్కడే ఉన్నాడు, అటునుంచి ఘాటు వాసన వస్తోంది. బ్యాటరీ మీద నడిచే పాత ఫోనులో చాచా షెడ్డు నంబరు నొక్కాడు. ముస్తఫా ఎంతకీ ఎత్తడు.

ఎనిమిదో రింగుకు ముస్తఫా పలికాడు. "ఏంది చాచా, పైపు కారుతుంటే పట్టుకున్న, జెర ఆగు!"

"పైపు ఇడిసిపెట్టి ఉరుకురా!"

ముస్తఫా దగ్గుతూ బయటపడ్డాడు. హరినాథ్ పరుగున వచ్చాడు. "ఆ ఒక్క ఫోను మాత్రం తీయకండి, బషీర్ గారూ."

"నేనెప్పుడు తీసిన సార్?"