హనుమాన్ జంక్షన్ మిషన్ తనంతట తాను బాగుపడిన రోజు

మా ఇంట్లో ఆడపిల్లకు ముందుగా నేర్పే విద్య వంకలు పెట్టడం. బట్టల కొట్టు వాళ్లం. నచ్చిన చీరను పక్కకు తోసేసి, అంచు పల్చగా ఉందనీ రంగు నిలవదనీ అనాలి. మనసుపడ్డట్టు కనిపించామా, ధర పెరుగుతుంది. ఈ విద్యలో నేను మా అమ్మను మించిపోయాను.

సెల్‌ఫోన్లు చేపల చెరువు గట్ల మీదికి కూడా వచ్చేసిన రోజులవి. రైతులకు ఏ రోజు ధరలు ఆ రోజు మెసేజీలు పంపే చిన్న ఆఫీసులో పనిచేసేదాన్ని, విజయవాడ పటమటలో. గుడివాడ, కైకలూరు, హనుమాన్ జంక్షన్ ఐసు ఫ్యాక్టరీల్లో మా కంప్యూటర్లు ఉండేవి, మిషన్లు అనేవాళ్లం. మెసేజీలు పంపే ప్రోగ్రాం ఊరికే పడిపోయేది. పడినప్పుడల్లా దాన్ని లేపడానికి సూపర్‌వైజర్ అనే కాపలా ప్రోగ్రాం పెట్టాం. డయలప్ లైన్లు నిలిచేవి కావు కనుక, దాంట్లో ఏ చిన్న మార్పు చెయ్యాలన్నా మిషన్ దగ్గరికే వెళ్లాలి. ఆఫీసులో నాతో పనిచేసే అతనూ నేనూ, ఇద్దరం వెళ్లేవాళ్లం. సూపర్‌వైజర్ ఫైల్లో ఉండాల్సిన వరసలు రాసుకున్న కాగితం చూసి నేను పైకి చదివితే అతను టైపు చేసేవాడు.

“ఆటోరీస్టార్ట్, ఈక్వల్స్, ట్రూ.”

“ఏంటండీ, పెళ్లిమంత్రంలా చదువుతున్నారు?”

“మంత్రమైతే దక్షిణ తియ్యండి.”

“మిరపకాయ బజ్జీలు చాలా?”

“చల్లారినవైతే ఒద్దు.”

తిరుగు బస్సులో కిటికీ సీటు నాకు వదిలేవాడు. ఆ గంట కోసమే వారమంతా ఎదురుచూసేదాన్ని. అందుకే దానికి వంకలు పెట్టాను. “ఏం బస్సులండీ బాబూ, ఒళ్లు హూనం. ఈ చేపల వాసన జడలోంచి పోదు. ఈ తిరుగుడు తప్పితే చాలు.”

అతను తలూపుతూ వినేవాడు. బేరం నడుస్తోందనుకున్నాను.

ఒక సోమవారం తన మిషన్ దగ్గరికి పిలిచాడు. ముఖం వెలిగిపోతోంది. “ఇక మీరు బస్సెక్కక్కర్లేదండీ. బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది కదా. ఏ మిషన్‌లో ఏం ఉండాలో ఇక్కడ ఒక్కసారి రాసిపెడితే చాలు. అరగంటకోసారి అవే చూసుకుని, తేడా ఉంటే అవే సరిచేసుకుంటాయి. మీరు అంత ఇబ్బంది పడుతుంటే చూడలేక, కూర్చుని నేర్చుకున్నా.”

అప్పుడైనా అసలు మాట చెప్పొచ్చు. కొట్లో పెరిగిన నోరు కదా.

“బాగానే ఉంది. ఈ పనేదో ముందే చెయ్యాల్సింది,” అన్నాను.

ఆ వెలుగు తగ్గింది.

ఆ వారం ఎవరం ఎక్కడికీ వెళ్లలేదు. శుక్రవారం మధ్యాహ్నం నా కుర్చీలోంచే హనుమాన్ జంక్షన్ మిషన్‌లోకి వెళ్లి, సూపర్‌వైజర్ ఫైలు చెరిపేసి, మెసేజీల ప్రోగ్రాం ఆపేశాను. దువ్వెన, మంచినీళ్ల సీసా బ్యాగులో సర్దుకున్నాను. ఐసు ఫ్యాక్టరీ నుంచి ఫోనొస్తుంది, ఇద్దరం పరిగెత్తాలి, ఈసారి బస్సుకు వంక పెట్టకూడదు అనుకున్నాను.

ఫోను రాలేదు. టీ వచ్చింది. ఆ వెనకే అతను వచ్చాడు.

“చూశారా! జంక్షన్‌లో ఎవరో ఫైలు పీకేశారు. మనం చూసేలోపే మళ్లీ పెట్టేసుకుని లేచి కూర్చుంది. ఇవాళ బజ్జీలు నావండీ.”

“చల్లారినవైతే ఒద్దు,” అన్నాను.

వేడివేడిగానే తెచ్చాడు. బల్లకు చెరోవైపు నిలబడి తిన్నాం.

ఎండలు ముదరకముందే అతనికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. ఆఖరి రోజు నా బల్ల దగ్గరికి వచ్చాడు.

“మీరు చదివే ఆ కాగితం... ఇక అక్కర్లేదు కదండీ. నేను తీసుకోనా?”

దాన్ని అప్పటికే నా సొరుగులో, చేతిరుమాలు కింద దాచుకున్నాను. తీసి బల్ల మీద పడేశాను.

“చిత్తుకాగితమేగా. తీసుకోండి.”

అతను దాన్ని జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.