గౌస్‌బీ అరచేతులు

మా వీధిలో పుట్టిన పిల్లోళ్లలో సగం మందికి తొలినీళ్లు పోసింది గౌస్‌బీనే. డెబ్బై ఏండ్లుంటాయి ఆమెకు. పీట మీద కాళ్లు బారజాపి కూర్చుంటే, ఆ కాళ్ల మీద పిల్ల నీళ్లలో తేలే ఆకు మాదిరి పండుకుంటాది. ఆవిరి లేస్తాది. పొద్దుటెండ ఆ ఆవిరిలో పడి తెల్లగా ఊగుతాది. చూసేవాళ్లకు కూడా కండ్లు మూతబడతాయి.

చేతులంటే ఆమెకు మహా పట్టింపు. విత్తనం చెనక్కాయలు ఒలిచి బతికే మనిషి కదా, అరచేతులు బీటలు వారతాయి. అందుకే పిల్లను తాకే ముందు, కొంగులో ముడేసుకున్న పాత పట్టుగుడ్డ మీద అరచేయి ఈడ్చి చూస్తాది. పోగు తగులుకుంటే నూనె రాసుకోని మళ్లీ చూస్తాది. పోగు పట్టే చేత్తో ఏ పిల్లనూ ముట్టింది లేదు.

మా కోడలు మహేశ్వరికి కూతురు పుట్టి పదైదు దినాలు. పిల్ల ఒంటి మీద పొరలు లేస్తాండాయి. నేను సెనగపిండిలో మీగడ కలిపి గిన్నెలో పెట్టినా.

"బాగా రుద్దు గౌస్‌బీ. ఆ పొర పోవాల, రంగు తేలాల."

"యాడ నేర్చినావక్కా ఈ విద్య? పొర దానంతటదే రాలుతాది. రుద్దితే తోలు పోతాది గానీ రంగు రాదు. రంగు తల్లీనాయన ఇచ్చిందే. ఆ పిండితో బజ్జీలు ఏసుకోపో."

ఆసుపత్రి నర్సమ్మ కూడా అదే చెప్పింది. నర్సమ్మతో నేను వాదించగలను. గౌస్‌బీతో కాదు.

మోచేయి నీళ్లలో ముంచి వేడి చూసింది. పట్టుగుడ్డ తీసింది. పోగు తగులుకుంది. నూనె రాసి చూసింది. మళ్లీ తగులుకుంది. మూడోసారి కండ్లు మూసి ఈడ్చింది. గుడ్డ చేతికి అంటి లేచింది.

"ఇంక నాతో కాదక్కా."

"ఏమీ కాదులే, నీళ్లు పొయ్యి."

"నీ మనవరాలి ఒళ్లు ఉల్లిపొర. నా చేయి గరుకు కాయితం."

ఆమె గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. ఈ పని పోతే, ఆమెను ఏ ఇంటికైనా రమ్మని పిలిచేదెవరు? తాను పోస్తానని మహేశ్వరి చేతులు చాపింది. రాయదుర్గంలో జీన్సు కుట్టిన వేళ్లు, అన్నీ సూది గాట్లే. నా చేతుల సంగతి అడగొద్దు.

గౌస్‌బీ చూపు చాప మీద పొర్లుతున్న పిల్ల నాయన, నా కొడుకు లింగప్ప మీద పడింది. వాడి చేయి పట్టి గుడ్డ మీద ఈడ్చింది. వెన్న మీద జారినట్లు జారింది.

"ఏమప్పా, ఇంత మెత్తని చేయి ముప్పై ఏండ్లుగా యాడ దాచినావు? పని తగలని చేయి ఇట్లుంటాదన్నమాట!"

"అవ్వా, నాకు భయమైతాది."

"భయమే కావాల. భయం లేనోడే గట్టిగా రుద్దుతాడు. కూర్చో."

వాడు కాళ్లు చాపినాడు. ఆమె చెంబుతో నీళ్లు వంచుతా, మెల్లగా చెప్పుకుంటా పోయింది. "మెడ మడత. చంక. గజ్జలు. సబ్బు వద్దు. తుడిచేటప్పుడు అద్దు, రుద్దొద్దు. పౌడరు చల్లితే ముక్కులోకి పోతాది." పిల్ల నిద్రపోయింది. ఆవిరిలో వాళ్లు ముగ్గురూ ఎంతో దూరాన, వేరే ఏదో ఊర్లో ఉన్నట్లు కనబడినారు.

వారానికి పొరలన్నీ వాటంతటవే రాలిపోయినాయి. పిండి గిన్నె ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత మా వీధిలోనే సుంకన్న ఇంట్లో కాన్పైతే గౌస్‌బీని పిలిచినారు.

"వస్తా. చెప్పేది నేను, చేతులు ఇంకొకరివి," అనింది.

భుజాన తువ్వాలు ఏసుకోని లింగప్ప ఆమె ఎనక నడిచినాడు. ఆమె ముందర, మెల్లగా, తల పైకెత్తి.