షాబాద్ బండ, నా బిడ్డ చెయ్యి

మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం అన్నం తినడమంటే టీవీలో కరాటే సినిమా చూస్తూ తినడమే. తెలుగు మాటలు పెట్టి వేస్తారు కదా, అవి. తెల్లగడ్డం ముసలాయన జలపాతం కింద కళ్లు మూసుకుని కూర్చుంటాడు. కుర్రాడు ఒక్క పాట అయిపోయేలోపు విద్యంతా నేర్చేసుకుంటాడు. ఇక రాళ్లు పగులుతాయి, మనుషులు గాల్లోకి లేస్తారు. మా తమ్ముడికి అవంటే ప్రాణం. చిల్కానగర్‌లో మా పైవాటాలోనే ఉంటాడు, ఇళ్లకు బండలు పరిచే పని వాడిది.

నా కూతురు పదో తరగతి. నాచారంలో కరాటే నేర్చుకుంటోంది. ఒకసారి నేనూ వెంట వెళ్లాను. మోకాళ్లు వంచి నిలబెట్టి, కదిలితే మళ్లీ మొదటికి తెచ్చారు. ఎదుటివాడు కొడితే చెయ్యి అడ్డం పెట్టడం, వంగి దండం పెట్టడం, అంతే. మాస్టారుని అడిగితే "ఇందులో మొదటి దెబ్బ మనది కాదమ్మా" అన్నాడు.

తమ్ముడికి చెబితే నవ్వాడు. "గిదేం కరాటే అక్కా? దండాలు పెట్టెటందుకైతే గుడికి పోతే సరిపాయె!"

ఈ ఏడు వినాయక చవితికి మా గల్లీ మండపంలో పిల్లల ఆటపాటలు పెట్టారు. పిల్ల తాను నేర్చుకున్నది చేసి చూపిస్తానంది. తెల్లబట్టలు ఉతికి ఆరేశాను. సాయంత్రం మేమంతా కూర్చున్నాక మైకులో వినిపించింది నా తమ్ముడి గొంతు.

"ఇగ సూడుండ్రి! మా కోడలు పిల్ల ఉత్త చేత్తోని బండ పలగ్గొడ్తది!"

రెండు ఇటుకల మీద, వాడు నేలకి పరిచే షాబాద్ బండ ముక్క పెట్టి ఉంది. కరాటేవాళ్లు ఇలా జనం ముందు పగలగొట్టేది బాగా ఎండిన పెంకుల్నట. మా దగ్గర పెంకుటిల్లు ఇప్పుడెక్కడుంది? వాడికి అందేది బండే. సినిమాలో పగిలింది కూడా రాయే కదా అని వాడి ధైర్యం. నేను బట్టలు ఉతికేది అలాంటి బండ మీదే. ఏళ్లుగా బాదుతున్నాను, దానికి గీత కూడా పడలేదు.

నేను లేవబోతే ముందున్న ఆడవాళ్లు దారి ఇవ్వలేదు. అందరి ఫోన్లూ పైకి లేచాయి. "కొట్టు! కొట్టు!" అని పిల్లలు అరుస్తున్నారు. నా బిడ్డ బండ దగ్గరికి వచ్చి పిడికిలి బిగించింది. మేనమామ గల్లీ అంతటికీ చెప్పుకున్నాడు, ఆయన పరువు పోతుందని ఎక్కడ కొట్టేస్తుందో! ఆ ఎముకలు ఎంత సన్నటివో కన్నదాన్ని నాకు తెలియదా?

పిడికిలి బండ మీద ఆనించింది. ఊపిరి పీల్చింది. తల తిప్పి వాడిని చూసింది.

"మామా, రోజు గీ బండలు కోసేది నువ్వే గదా?"

"అవు. అయితే ఏంది?"

"ఎప్పుడన్న చేత్తోని కోసినవా?"

వాడి ముఖం నల్లబడింది, దవడ బిగుసుకుంది. అందరి ముందు తిడతాడనే అనుకున్నాను. వెనకనుంచి ఎవరో ముసలాయన "మిషిన్ తోటి కోస్తెనే దాని పండ్లు అరుగుతయి కదరా!" అన్నాడు. గల్లీ అంతా ఘొల్లున నవ్వింది. వాడు కిందికి చూశాడు, వంగి బండని భుజానికెత్తుకుని పక్కకు పోయాడు.

ఆ తర్వాత నా బిడ్డ వంగి దండం పెట్టి, తను నేర్చుకున్న అడుగులన్నీ వేసింది. గాలిలో లేని మనిషికి అడ్డం పెడుతూ, తిరుగుతూ, ఆగుతూ. నా పక్కనున్న అవ్వ "ఎవల్నీ కొట్టకపాయెనే!" అని పెదవి విరిచింది. సగం మంది లేచి ప్రసాదం వరుసలోకి పోయారు.

అయిపోయాక పిల్ల నా పక్కన వచ్చి కూర్చుంది. తమ్ముడు దొప్పలో పులిహోర తెచ్చి దాని ముందు పెట్టాడు. "తిను బిడ్డా, సల్లగైతది" అన్నాడు, నా వైపు చూడకుండా.

అది తిన్నంతసేపూ నేను ఆ వేళ్లనే చూస్తూ కూర్చున్నాను.