పీకిన పన్ను ఎవరిది?

పోయిన ఆదివారం ఖమ్మం పక్కన ఖానాపురం హవేలిలో మా మేనకోడలు నడిపే పళ్ళ ఆసుపత్రిలో, ఈ వయసులో నేను మళ్ళీ బడిపిల్లలా వెనక కుర్చీలో కూర్చొని పాఠం వినవలసి వచ్చింది. హైదరాబాదు నుంచి టై కట్టుకొని వచ్చిన ఒక కుర్రవాడు, డాక్టరుకు ఈ రోజుల్లో వైద్యం ఒక్కటే వస్తే చాలదనీ, రోగిని పేరు పెట్టి పలకరించాలనీ, నొప్పి అన్న మాట నోట రాకుండా కొంచెం అసౌకర్యం అనాలనీ, సూది కంటే ముందు చిరునవ్వు చూపించాలనీ తెరమీద బొమ్మలు వేసి మరీ చెప్పాడు. సర్కారు పళ్ళ డాక్టరు కొలువు నుంచి రిటైరై, చేతులు ఇంకా ఆడుతున్నాయి కదా అని రోజూ ఒక పూట అక్కడికి పోయి కూర్చునే నన్ను, "అత్తయ్యా, నువ్వు గూడ ఉండాలె, అందరికీ తప్పదు" అని మేనకోడలే కూర్చోబెట్టింది. ఎన్ని పళ్ళు కనిపించేలా నవ్వాలో అతను నేర్పుతుంటే నాకు ఒళ్ళు మండింది. మనసు మాత్రం ఆ గదిలో లేదు.

నా మొదటి కొలువు భద్రాచలం అవతల, అడవి అంచున ఉన్న చిన్న దవాఖానాలో. పళ్ళ విభాగం అంటే ఒక గది, కాలితో తొక్కితే లేచే ఒక కుర్చీ, సామాను మరిగించే కిరసనాయిలు స్టవ్వు, మా పెద్ద డాక్టరుగారు. నా ఈడు వాళ్ళకు అలాంటి గదులు గుర్తుండే ఉంటాయి. ఆయన చేతి పనితనం అంతంతమాత్రం, ఆ మాట ఆయనే నవ్వుతూ అనేవారు. అయినా గూడేల జనం ఆయన్నే వెతుక్కుంటూ వచ్చేవారు. ఒకరికి పన్ను నొప్పి అంటే ఇంటిల్లిపాదీ వచ్చి వరండాలో కూర్చునేవారు. ఆయన కుర్చీ దిగివచ్చి వాళ్ళ మధ్య చతికిలబడి, పోడు సంగతి, ఇప్పపువ్వు సంగతి అడిగి, తనకు వచ్చిన వాళ్ళ భాష నాలుగు ముక్కలూ తప్పుల తడకగా మాట్లాడి, వాళ్ళను కడుపుబ్బ నవ్వించి, వాళ్ళలో పెద్దమనిషి సరేనన్నాకనే రోగిని లోపలికి పిలిచేవారు. నొప్పి పుడుతుందని ముందే చెప్పేవారు.

అన్నిటికంటే ముఖ్యమైన పద్ధతి ఇంకొకటి ఉండేది. అక్కడి కొన్ని గూడేల్లో, ఒంట్లోంచి వచ్చిన పన్ను పరాయిచోట పడి ఉండకూడదనీ, ఇంటికి తెచ్చుకొని తమ నేలలోనే పాతుకోవాలనీ పట్టింపు. పెద్ద డాక్టరుగారు పీకిన పన్నును కడిగి, దూదిలో చుట్టి, ఆ ఇంటి పెద్ద చేతిలో పెట్టేవారు. మొదట్లో నాకిది వింతగా తోచింది. ఒక ముసలమ్మ బుగ్గ వాచి వచ్చి, ఎంత చెప్పినా నోరు తెరవక మొండికేసి, చివరికి "నా పన్ను నాకిస్తవా?" అని మాత్రం అడిగింది. "అవ్, నీది నీకే" అన్నారాయన. అప్పుడు తెరిచింది. ఆ తర్వాత గూడెంలో ఎవరి బుగ్గ కాస్త ఉబ్బినా ఆమే రెక్క పట్టుకొని లాక్కొచ్చేది. చీము ముదరకముందే వచ్చేవారు గనుక మాకూ పని సులువయ్యేది.

ఆయన రిటైరయ్యాక వచ్చిన డాక్టరు పనితనం లాంటిది నేను మళ్ళీ చూడలేదు, అబద్ధం ఎందుకాడాలి. ముసలమ్మ తన కూతుర్ని తెస్తే, ఆ పిల్లకు పన్ను ఊడివచ్చిన సంగతే తెలియలేదు. ఆయన మాత్రం దాన్ని నెత్తుటి దూదితోపాటు బకెట్టులో పడేశారు. ముసలమ్మ చెయ్యి చాపి నిలబడింది. సంగతి ఇదీ అని నేను చెప్పబోతే, "ఇవన్నీ వింటూ కూర్చుంటే రోగం పోతుందా మేడం?" అని తరువాతి మనిషిని పిలిచారు. ఆయా బకెట్టును గుంటలో బోర్లించి సున్నం చల్లేదాకా ముసలమ్మ చూస్తూ నిలబడి, కూతుర్ని తీసుకొని వెళ్ళిపోయింది. ఆ తర్వాత మా వరండా పలచబడింది. జనానికి తెలివి లేదని ఆయన విసుక్కునేవారు.

వానలు ముదిరాక ఒక పొద్దున అదే కూతుర్ని మంచంమీద మోసుకొచ్చారు. రెండో వైపు పన్ను. ఇంట్లోనే ఆకు పసర్లు కట్టి చూశారు; వాపు దవడ దాటి గొంతులోకి దిగింది, ఊపిరి ఆడటం లేదు. ఆ డాక్టరు చేతనైనదంతా చేశారు, ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను. జీపులో ఖమ్మం పంపాం. పాల్వంచ దాటకముందే పోయింది. శవాన్ని తిరిగి తెచ్చినప్పుడు, ఇంత ముదిరేదాకా ఎందుకు తేలేదని ఆయన నిజంగానే బాధపడుతూ అడిగారు. ముసలమ్మ ఆయన ముఖంలోకి చూసి, "పన్నే ఇయ్యనోళ్ళు మనిషినేం ఇస్తరు అనుకున్నం సారూ" అంది. అందులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని నాకు ఈనాటికీ అనిపిస్తుంది.

పాఠం అయిపోయాక ఆ కుర్రవాడు ఏమైనా అడగాలా అన్నాడు. పీకిన పన్ను రోగి అడిగితే ఏం చెయ్యాలో మీ పాఠంలో ఎక్కడైనా ఉందా బాబూ అన్నాను. అతను తన కంప్యూటరులో వెతికి, చెత్త పారవేయడం గురించిన పాఠం వచ్చే నెల ఉంటుంది మేడం అని, నేర్చుకున్న ప్రకారం పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు. మా మేనకోడలు అతన్ని మెచ్చుకొని శాలువా కప్పింది.

ఇప్పుడు మా ఆసుపత్రికీ భద్రాచలం పక్క ఊళ్ళవాళ్ళు వస్తారు. పేరు పెట్టి పిలుస్తాం, చల్లటి గదిలో కూర్చోబెడతాం, నొప్పి తెలియకుండా పన్ను తీసి పసుపుపచ్చ చెత్త సంచిలో వేస్తాం. ఒక్కరూ పన్ను అడగరు. ఆ పట్టింపులు పోయాయి, జనం మారారని మా మేనకోడలు సంతోషపడుతుంది. కుర్చీ దిగేటప్పుడు వాళ్ళ చూపు ఆ సంచి మీదకు పోయి, అడిగితే నవ్వుతామని తెలిసి, నేలకు దిగడం నేను రోజూ చూస్తున్నాను.