వెనక సందులో పన్నెండు పెట్టెలు

ఏసీలు బిగించే ఆయన్ని అందరూ ‘చల్లచెయ్యి’ అని పిలిచేవారు. అసలు పేరు రసీదుల మీద తప్ప ఎక్కడా వినపడేది కాదు. ఇరవై ఎనిమిదేళ్లుగా అదే పని. కంప్రెసర్ చప్పుడు విని, అది ఇంకెన్నాళ్లు నడుస్తుందో చెప్పేవాడు. పాత ఏసీ విప్పాల్సివస్తే మాత్రం వాల్వు వదులు చేసి, అందులోని గ్యాసంతా గాల్లోకి వదిలేసేవాడు. సిలిండర్లోకి పట్టే యంత్రం ఉంది. కానీ దాన్ని మోసుకురావాలి, గంటసేపు కూర్చోవాలి.

“గాలి గాల్లో కలిసింది, ఎవరి సొమ్మేం పోయింది?” అని నవ్వేవాడు.

ఆయనకి ఒక్కతే అక్క. చిన్నప్పుడు అమ్మ పోతే ఎత్తుకుని పెంచింది. బట్టలు కుట్టేది. ఒక పెద్ద భవనం వెనక, ఇరుకు సందులో, కింద గదిలో కూతురితో ఉండేది. గదికి ఒక్కటే కిటికీ. దాని పక్కనే కుట్టు మిషను.

ఆ భవనానికి పన్నెండు ఏసీలు కావాలన్నారు. పని ఈయనకే వచ్చింది. వేడిగాలి వదిలే పెట్టెలు ఎక్కడ పెట్టాలన్న మాట వస్తే, యజమాని మేడ మీద పెడదామా అని అడిగాడు కూడా.

“వద్దండి, పైపు పొడుగైతే చల్లదనం తగ్గుతుంది. వెనక సందులో బిగిస్తాను.”

అందులో కొంత నిజమే. అసలు సంగతి వేరు. మేడ మీదైతే మూడు రోజుల పని, సందులోనైతే ఒక్క రోజులో అయిపోతుంది. వేసవి ముంచుకొస్తోంది, ఇంకా పది ఇళ్లవాళ్లు పిలుస్తున్నారు. ఎదురుగా ఉన్నది ఎవరి కిటికీయో ఆయనకి తెలుసు.

నెల తిరక్కుండానే అక్క కబురు పెడితే వెళ్లాడు.

“ఒరేయ్, కిటికీ తెరిస్తే పొయ్యిలో తల పెట్టినట్టుందిరా.”

“వేసవి కదక్కా, అందరికీ అంతే.”

“వేసవి నాకు కొత్తా? అరవై చూశాను. ఏడాదికేడాది ముదురుతోంది, నిజమే. దానికి తోడు నీ పెట్టెలు.”

“సరేలే, నీకూ ఒకటి బిగిస్తాను.”

“ఆ వేడి ఇంకెవరి కిటికీలోకి తోస్తావు?”

నవ్వేసి వచ్చేశాడు. తర్వాత చూద్దాంలే అనుకున్నాడు. ఆమె కిటికీ మూసేసి కుట్టుపని చేసుకుంది.

ఎండలు మండిపోతున్న వారంలో ఒకరోజు మధ్యాహ్నం మేనకోడలు పని నుంచి వచ్చేసరికి తల్లి మిషను మీద వాలిపోయి ఉంది. ఒళ్లు పెనంలా కాలుతోంది. ఆసుపత్రిలో వడదెబ్బ అన్నారు. అప్పటికే వరండా నిండా అలాంటివాళ్లే.

“కిటికీ ఎందుకు మూశారమ్మా?” అని డాక్టరు అడిగింది.

మేనకోడలు, కబురంది వచ్చిన మామయ్య మొహం చూడలేదు. “తెరిచే వీలు లేదండి” అంది, అంతే. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకి.

అక్క బతికింది. కుడిచెయ్యి వణుకు మాత్రం పోలేదు. కుట్టుపని ఆగిపోయింది.

చల్లచెయ్యి వెళ్లి యజమానిని బతిమాలి, పన్నెండు పెట్టెలూ తన ఖర్చుతో మేడ మీదికి మార్చాడు. ఈసారి యంత్రం అరువు తెచ్చి, గ్యాసు చుక్క పోకుండా పట్టాడు. యంత్రం ఇచ్చిన పెద్ద మెకానిక్ చెప్పాడు: ఈ గ్యాసు గాల్లోకి పోతే, కిలోకి కిలో బండి పొగలోని గ్యాసు కంటే వందల రెట్లు వేడి పట్టి ఉంచుతుందట. ఎన్ని వందల ఏసీలు విప్పాడో లెక్క వేయబోయి మధ్యలో వదిలేశాడు.

అప్పట్నుంచి ఏ ఇంటికెళ్లినా “ఏసీ ఇరవయ్యారు మీద పెట్టి ఫ్యాను వేసుకోండి, కిటికీలకి ఎండ తగలకుండా చూసుకోండి” అంటున్నాడు. కొందరు వింటారు. “పులి శాకాహారం గురించి చెబుతోంది” అని నవ్వేవాళ్లే ఎక్కువ.

ఒకరోజు అక్కే ఓదార్చబోయింది. “ఊరుకోరా, నీకు తెలియక చేశావు.”

“తెలుసక్కా. కిటికీ నీదని తెలిసే బిగించాను.”

“ఆ మాట నాకు చెప్పకుండా ఉండాల్సిందిరా” అంది ఆమె. తమ్ముణ్ణి పొమ్మనలేదు. ఆ రోజు మాత్రం తిని వెళ్లమని కూడా అనలేదు.

మరుసటి వేసవికి పక్క భవనం గోడకి ఇంకో మెకానిక్ కన్నాలు వేస్తుంటే ఈయన వెళ్లి చెప్పాడు. కిందెవరుంటారో చూపించాడు. అతను విసుక్కుంటూనే విని, రెండు పెట్టెలు మేడ మీదికి ఎక్కించాడు. మిగతా అయిదూ సందులోనే బిగించాడు.

“అన్నా, నాకూ వేరే ఇళ్లున్నాయి” అన్నాడు.

పోయిన వేసవి చల్లచెయ్యి అనుకున్నదీ అదే మాట.