పెరుగు తిని ఎక్కిన బస్సు

నాకు పెరుగు పడదు. ఒంటికి పడకపోవడం కాదు, మనసుకే పడదు. ఆ పులిసిన వాసన ముక్కుకు తగిలితే చాలు, కొంగు అడ్డం పెట్టుకుంటాను. అన్నంలో కలిపిన పెరుగు చల్లగా, జారుడుగా నాలుక మీద పడితే ఒళ్లు జలదరిస్తుంది. పెళ్లి భోజనాల్లో పెరుగు బకెట్టు నా వరసలోకి రాకముందే లేచి చేతులు కడుక్కునేదాన్ని. "పెరుగు లేకుంటె తిన్నట్టెట్లయితది?" అని పెళ్లయిన కొత్తలో మా అత్తమ్మ చాలాసార్లు అడిగింది. తర్వాత విసుగొచ్చి ఊరుకుంది.

ఇబ్బందల్లా గుళ్లోనే. మాది పోచంపల్లి పక్కన మగ్గాల ఊరు. చిన్నప్పుడొకసారి గుళ్లో పెట్టిన దద్దోజనం మింగలేక ఉమ్మేశాను. "ప్రసాదం ఉమ్ముతవా? స్వామి కోపం జేస్తడు" అని అమ్మ వీపు మీద ఒక్కటి వేసింది. ఆ వారంలోనే నాన్నకు జ్వరం తగిలి, మగ్గం గుంటలోంచి ఇద్దరు పట్టుకుని లేపాల్సి వచ్చింది. నావల్లే అనుకున్నాను. నాన్న కోలుకున్నాడు, మళ్లీ నేశాడు. నా భయం మాత్రం పోలేదు. దేవుడు నాకు మొదట పరిచయమైంది అలాగే. ఇప్పటికీ దండం పెట్టేటప్పుడు కోరికల కంటే ముందు క్షమాపణే నోటికొస్తుంది.

పెద్దయ్యాక సిటీ బస్సులో కండక్టర్ ఉద్యోగం వచ్చింది. మా ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో పనిచేసేవాడు. ఎల్బీనగర్ వెనక ఒక గల్లీలో కిరాయికి ఉండేవాళ్లం. మా పాప అప్పుడే బడికి వెళ్లడం మొదలుపెట్టింది. నాకు హయత్‌నగర్ నుంచి కోఠీ దాకా డ్యూటీ. చీర మీద ఖాకీ కోటు తొడుక్కుని, భుజానికి టికెట్ల సంచి వేసుకుని, జనం మధ్యలోంచి ముందుకూ వెనక్కూ ఈదుతూ తిరిగే ఆ పని నాకు చాలా ఇష్టం. గడ్డిఅన్నారం మార్కెట్ నుంచి బత్తాయిల గంపలతో ఎక్కే ఆడవాళ్లు, కోచింగులకు పోయే పిల్లలు, దవాఖానకు పోయే ముసలివాళ్లు. ఎవరు ఏ స్టేజీలో దిగుతారో ముఖం చూసి చెప్పగలిగేదాన్ని.

నా బస్సు నడిపే డ్రైవరన్నది తెనాలి. హైదరాబాదుకు వచ్చి ఇరవై ఏళ్లు దాటినా, వనస్థలిపురంలో ఇల్లు కట్టుకున్నా, నోరు తెరిస్తే నిన్ననే రైలు దిగినట్టుండేది. మనిషి మంచివాడు. పొద్దున బస్సు తీసేముందు చక్రానికి నీళ్లు చల్లేవాడు, స్టీరింగు దగ్గర అగరొత్తి వెలిగించేవాడు, ఆ తర్వాత చిన్న స్టీలు డబ్బా మూత తీసేవాడు. అందులో పంచదార కలిపిన పెరుగు ఉండేది. తానొక చెంచా నోట్లో వేసుకుని, ఇంకో చెంచా నావైపు చాపేవాడు.

"ఒక్క చెంచా వేసుకోమ్మా. బయలుదేరేటప్పుడు మంచిది."

"నాకు పడదన్నా."

"శకునమమ్మా ఇది, తిండి కాదు."

"శకునమైనా పడదన్నా."

నవ్వి మూత పెట్టేవాడు. మర్నాడు మళ్లీ చెంచా చాపేవాడు. ఏళ్ల తరబడి మా డ్యూటీ అలాగే మొదలయ్యేది.

ఉద్యమం ముదిరిన ఆ చలికాలంలో మా రోడ్డంతా మారిపోయింది. ఒకరోజు బంద్, ఒకరోజు రాస్తారోకో. ఎల్బీనగర్ చౌరస్తాలో టైర్లు కాల్చిన నల్లటి మచ్చలు ఆరకముందే పక్కన కొత్త మచ్చ పడేది. నాకూ తెలంగాణ కావాలి. మా ఊళ్లో మగ్గాలు ఎందుకు మూలబడ్డాయో, మా తమ్ముళ్లు సిటీకొచ్చి ఎందుకు ఆటోలు నడుపుతున్నారో నాకు తెలుసు. డిపో గేటు దగ్గర అందరితో కలిసి నేనూ నినాదాలిచ్చాను. అప్పుడు డ్రైవరన్న టీ బండి దగ్గర ఒక్కడే నిలబడి ఉండేవాడు. డ్యూటీ ఎక్కాక ఆ సంగతి అతనూ ఎత్తేవాడు కాదు, నేనూ ఎత్తేదాన్ని కాదు.

కానీ నాకు భయం పట్టుకుంది. రాళ్ల భయం కంటే అతని మాట భయం ఎక్కువ. అడ్డమొచ్చిన ఆటోవాడిని "ఏవయ్యా, కళ్లు కనపడట్లా?" అని కేకేస్తే, ఎవరు విన్నారో అని కిటికీలవైపు చూసేదాన్ని. చివరికి ఒకరోజు చెప్పేశాను.

"అన్నా, ఏమనుకోకు. ఎవరన్న బస్సాపితే నువ్వు మాట్లాడకు. నేను మాట్లాడుత."

అతను నావైపు చూడకుండా అద్దం తుడుస్తూ, "అట్టాగేనమ్మా," అన్నాడు. ఆ మాట అన్నందుకు నాకే సిగ్గేసింది.

కొన్నాళ్ల తర్వాత ఒకరోజు డ్యూటీ పడింది. బంద్ లేదు. కానీ ముందురోజు విద్యార్థుల మీద లాఠీలు పడ్డాయని టీవీలో చూపిస్తూనే ఉన్నారు. పొద్దున గల్లీలో పాలవాడి సైకిల్ తప్ప ఏదీ కదలలేదు. మా ఆయన నా సంచి చేతికివ్వకుండా పట్టుకుని నిలబడ్డాడు.

"ఇయ్యాల లీవు పెట్టరాదు?"

"ఎన్నిసార్లు పెట్టాలె? బస్సులు పోతయంటున్నరు గద."

"బస్సులకేంది, ఇనుము. నువ్వు ఇనుమా?"

నేను నవ్వలేదు. పాప నిద్రలేవకముందే బయటపడ్డాను.

డిపోలో ఎవరూ గట్టిగా మాట్లాడుకోవడం లేదు. డ్రైవరన్న అగరొత్తి వెలిగించి, డబ్బా మూత తీసి, అలవాటు కొద్దీ చెంచా చాపాడు. ఆ పొద్దు నేను వద్దనలేదు. వద్దంటే ఏమవుతుందోనని భయమేసింది. చెంచా అందుకుని కళ్లు మూసుకుని నోట్లో వేసుకున్నాను. గొంతు దగ్గర ఆగిపోయింది. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే మింగేశాను. అతను ఆశ్చర్యంగా చూసి, తానూ ఆ పొద్దు రెండో చెంచా వేసుకున్నాడు. అతనికీ అంతే భయంగా ఉందని నాకప్పుడు తెలిసింది.

పోయేటప్పుడు ఏమీ జరగలేదు. కోఠీ నుంచి తిరిగొస్తూ దిల్‌సుఖ్‌నగర్ దాటేసరికి ఎదురుగా వాహనాలు రావడం ఆగిపోయింది. దుకాణాల షట్టర్లు ఒకటి వెనక ఒకటి దిగుతున్న చప్పుడు. కొత్తపేట ముందర రోడ్డుకడ్డంగా టైర్లు మండుతున్నాయి. పొగలోంచి ఒక గుంపు మావైపు నడిచి వచ్చింది. అంతా చదువుకునే పిల్లల్లాగే ఉన్నారు. డ్రైవరన్న ఇంజను ఆపేసి రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచాడు.

నేను ఫుట్‌బోర్డు మీదికి దిగాను. మెడలో గులాబీ కండువా వేసుకున్న పొడుగాటి యువకుడు ముందుకొచ్చాడు.

"అక్కా, అందర్ని దించు. బస్సు పోదు."

"తమ్మీ, లోపల ముసలోళ్లున్నరు. జర నిదానం. అద్దాలు పగలగొట్టకుండ్రి."

"పగలగొట్టం అక్కా. గాలి తీస్తమంతే."

మాట మీద నిలబడ్డారు కూడా. బత్తాయిల గంపతో ఉన్న ఒక అవ్వను ఇద్దరు పట్టుకుని దించారు, గంప నెత్తికెత్తారు. జనమంతా దిగి గల్లీల్లోకి వెళ్లిపోయారు. ఇక డ్రైవరన్న దిగితే చాలు, గండం గడిచినట్టే అనుకుని నేను వెనక్కి తిరిగాను.

అప్పుడే రాయి పడింది. ఆ పిల్లలు విసరలేదు, వాళ్లు నా ముందే ఉన్నారు. రోడ్డు అవతలి నుంచి ఎక్కడినుంచో వచ్చింది. ముందద్దం ఒక్కసారిగా తెల్లబడి, లోపలికి కూలిపోయింది. డ్రైవరన్న "అమ్మా" అని రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు చొక్కా మీదికి కారింది.

"ఎవడ్రా ఏసింది!" అని అరుస్తూ కండువా యువకుడు నాకంటే ముందు బస్సెక్కాడు. తన కండువా తీసి డ్రైవరన్న కళ్లమీదుగా చుట్టి కట్టాడు. కట్టు బిగిస్తూ అడిగాడు.

"ఏ ఊరన్నా మీది?"

ఇద్దరిదీ నల్గొండే అని చెబుదామని నోరు తెరిచాను. మాట బయటికి రాలేదు. డ్రైవరన్నే చెప్పాడు.

"తెనాలి బాబూ. కన్ను పోయిందంటావా?"

ఆ క్షణంలో నాకు కనిపించింది ఆ యువకుడి చేతులే. ఆ చేతులు ఆగాయి. మళ్లీ ముడి వేశాయి.

"ఏం పోదన్నా. కండ్లు తెరువకు. మాట్లాడుకుంట ఉండు." బయటికి తిరిగి, "అరేయ్, బండి తీసుకురా!" అని కేకేశాడు.

ఆటోలు లేవు. మోటారుసైకిల్ మీద ఇద్దరి మధ్య డ్రైవరన్నను కూర్చోబెట్టారు. "నేనూ వస్త" అన్నాను. "జాగ లేదక్కా" అన్నారు. ఏ దవాఖానకో అడిగేలోపే బండి పొగలోకి పోయింది.

ఆ వెంటనే పోలీసులొచ్చారు. బూట్ల చప్పుడు, పరుగులు, ఏదో పేలిన శబ్దం. కళ్లు మండిపోయాయి. ఎటు పరుగెత్తాలో తెలియక మళ్లీ బస్సులోకే ఎక్కి, రెండు సీట్ల మధ్య గాజుముక్కల పక్కన ముడుచుకుని కూర్చున్నాను. బయట ఎవరో లాఠీతో బస్సు రేకు మీద కొట్టుకుంటూ పోయారు. దేవుణ్ని పిలుద్దామనుకున్నాను. యాదగిరి నరసింహస్వామి పేరు కూడా గుర్తుకు రాలేదు. నోటికి వచ్చింది వేరు. చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్, చింతలకుంట, వనస్థలిపురం, హయత్‌నగర్. స్టేజీల పేర్లే మళ్లీ మళ్లీ అనుకుంటూ సంచిని గుండెకు హత్తుకుని కూర్చున్నాను. హయత్‌నగర్ అన్నాక మళ్లీ చైతన్యపురి దగ్గర మొదలుపెట్టేదాన్ని.

గొడవ సద్దుమణిగాక మా ఆయన గల్లీల్లోంచి నడుచుకుంటూ వచ్చి నన్ను దించాడు. దుకాణం మూసేయగానే, నా బస్సు ఆ దారిలోనే ఉంటుందని వెతుక్కుంటూ వచ్చాడట. ఇంటికి వెళ్లి తలుపు వేసుకున్నామో లేదో ఫోను మోగింది. డ్రైవరన్న భార్య.

"మా ఆయన ఎక్కడున్నారమ్మా? డిపోలో ఎవరికీ తెలీదంటున్నారు."

ఏం చెప్పను? దెబ్బ తగిలిందని చెప్పాను. ఎవరో పిల్లలు దవాఖానకు తీసుకుపోయారన్నాను.

"ఎవరమ్మా ఆ పిల్లలు?"

"తెల్వదు వదినా."

ఫోను పెట్టేసిన చప్పుడే వినిపించింది. కళ్లకు గంతలు కట్టిన మనిషిని, పేరు కూడా తెలియని వాళ్ల చేతుల్లో పెట్టాను. వాళ్లు మంచివాళ్లే కావచ్చు. దారిలో ఇంకెవరైనా ఆపితే? మళ్లీ ఊరు అడిగితే? మళ్లీ తెనాలి అంటాడు. పొద్దుగూకేదాకా నేను నీళ్లు కూడా ముట్టలేదు. మా ఆయన రెండు దవాఖానలు తిరిగి ఊరికే వచ్చాడు. పాప నా ఒళ్లో కూర్చుని నా చేతిలో గుచ్చుకున్న గాజుపెంకును చూపించేదాకా అది ఉందనే నాకు తెలియదు.

దీపాలు పెట్టే వేళకు మళ్లీ ఫోను.

"వచ్చారమ్మా! కనుబొమ్మ మీద కుట్లు పడ్డాయి. కన్నుకేం కాలేదన్నారు. ఇద్దరు కుర్రాళ్లు ఆటోలో తీసుకొచ్చి దింపారు. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదంట పాపం, అన్నం పెట్టాను. తిని వెళ్లారు."

నేను గోడకు ఆనుకుని కూర్చుండిపోయి, గట్టిగా ఏడ్చాను. మా పాప భయపడి వాళ్ల నాన్న దగ్గరికి పరుగెత్తింది.

మర్నాడు వనస్థలిపురం వెళ్లాను. డ్రైవరన్న ముఖం సగం కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే, "నువ్వు పెరుగు తిన్నావు కాబట్టే కన్ను దక్కిందమ్మా," అన్నాడు. నవ్వులాటకు కాదు, నిజంగానే అన్నాడు. తిన్నరోజే రాయి పడింది కదన్నా అని నా నాలుక చివరిదాకా వచ్చింది. అతని కట్టు చూసి ఊరుకున్నాను. తినకపోతే జ్వరం వచ్చిందని చిన్నప్పుడు నమ్మాను. తింటే కన్ను మిగిలిందని అతను నమ్ముతున్నాడు. రెండూ ఒకే నమ్మకమని ఆ గదిలో కూర్చున్నప్పుడు అనిపించింది. అతనిది అతనికి ధైర్యమిచ్చింది. నాది నన్ను ఇన్నేళ్లూ భయపెట్టింది. ఆ తర్వాత నేను పెరుగు ముట్టలేదు. దద్దోజనం పెడితే, "నాకు పడదు పంతులుగారూ, తీర్థం చాలు" అని చెప్పడం నేర్చుకున్నాను. మొదటిసారి అలా చెప్పిన వారమంతా ఇంట్లో ఎవరు దగ్గినా ఉలిక్కిపడ్డాను. ఎవరికీ ఏమీ కాలేదు.

కుట్లు మానాక డ్రైవరన్న మళ్లీ డ్యూటీకి వచ్చాడు. రోడ్డు మీద గొడవలు ఇంకా ఆగలేదు. కొత్తపేట దగ్గరికి రాగానే బస్సు నెమ్మదించేది. అతని భుజాలు బిగుసుకోవడం వెనక నుంచి నాకు కనిపించేది. ఒకరోజు ఎవరో ప్రయాణికుడు, "ఏందన్నా, ఎడ్లబండి లెక్క పోతున్నవ్?" అని అరిచాడు. డ్రైవరన్న వెనక్కి తిరక్కుండానే, "తొందరగా ఉంటే దిగి నడవ్వయ్యా బాబూ!" అని తన మాటలోనే గట్టిగా జవాబిచ్చాడు. బస్సులో నలుగురైదుగురు నవ్వారు. ఆ అరిచినతను కూడా నవ్వాడు.

నేను నవ్వలేకపోయాను. అతని మాట బయట ఎవరు విన్నారోనని పాత అలవాటుగా కిటికీలవైపే చూస్తున్నాను. ఎల్బీనగర్ చౌరస్తా వచ్చింది, దిగేవాళ్లు దిగారు. ఎక్కినవాళ్లలో ఒకావిడ హయత్‌నగర్‌కు టికెట్ అడిగింది. రెండోసారి అడిగాక నాకు వినిపించింది.